ఫోనులోని పిట్ట కూతను కొండ కిందే వదిలి రండి

(పుణ్యగిరి, తాటిపూడి అడవులకు వేసవి ఉదయాల్లో వచ్చే పక్షి పరిశీలకులకు, ఫోటోగ్రాఫర్లకు బహిరంగ లేఖ)

మిత్రులారా,

మే నెల వచ్చిందంటే శృంగవరపుకోట నుంచి పుణ్యగిరి వెళ్ళే దారిలో తెల్లవారకముందే బళ్ళు కనిపిస్తాయి. విశాఖపట్నం నుంచి, విజయనగరం నుంచి, ఒక్కోసారి శ్రీకాకుళం నుంచి కూడా మీరు వస్తారు. భుజాన పెద్ద లెన్సులు, మెడలో బైనాక్యులర్లు, కళ్ళలో ఇంకా వదలని నిద్ర. చీకటితో లేచి, అంత దూరం నుంచి వచ్చి, ఒక్క పిట్ట కోసం కొండ ఎక్కే మనుషులు నాకు పరాయివాళ్ళు కారు. చాలా ఏళ్ళుగా నేనూ అదే పని చేస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం అటవీ శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను. ఇంత అడవిలో ఏ పొద దగ్గర ఎవరు ఏం చేస్తున్నారో గార్డు చూడలేడు. మీ చేతిలో ఉన్న ఫోను సంగతి మీరే చూసుకోవాలి.

నేను అడిగేది ఒక్కటే. పిట్టలు గూళ్ళు కట్టుకునే ఈ నెలల్లో వాటి కూతను ఫోనులోనో, జేబులో పట్టే స్పీకరులోనో వినిపించి వాటిని బయటికి రప్పించడం మానండి. గూడు కనిపించిన చోట గుమిగూడడం మానండి. ఈ రెండూ ఒకే అలవాటుకు రెండు ముఖాలు కాబట్టి కలిపే అడుగుతున్నాను.

మే చివరికి మన దగ్గర ఐదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. అంతకు అరగంట ముందు నుంచే కొండ మీద సందడి మొదలవుతుంది. ముందుగా ఎక్కడో పొదల్లోంచి అడవి కోడిపుంజు కూస్తుంది. ఊరి పుంజు కూతే, కానీ చివర్లో తెంపేసినట్టు ఆగిపోతుంది. తరువాత కోకిల అందుకుంటుంది. వెలుగు పడ్డాక మర్రి కొమ్మల్లో కంసాలి పిట్ట టుక్ టుక్ మంటూ పని మొదలుపెడుతుంది. వంగపండు పిట్ట ఈలలు, జెముడుకాకి గంభీరమైన కూతలు, పసులపోలిగాడు అందరినీ అనుకరిస్తూ చేసే అల్లరి, అన్నీ ఏడింటిలోపే. ఎనిమిది దాటితే ఎండ చురుక్కుమంటుంది. తొమ్మిదికల్లా అడవి నోరు మూసుకుంటుంది.

అంటే వేసవిలో పిట్టకు దక్కే పనివేళ రెండు మూడు గంటలే. రాత్రంతా ఏమీ తినని ఒళ్ళు అది. ఆ కాస్త చల్లటి వేళలోనే మేత వెతుక్కోవాలి, జతను పిలవాలి, తన హద్దు చాటుకోవాలి, గూటికి పుల్లలూ నారా మోయాలి, పిల్లలుంటే వాటి నోళ్ళు నింపాలి. సాయంత్రం చల్లబడేదాకా మళ్ళీ అంత తెరిపి దొరకదు. మనం కెమెరాలతో కొండ ఎక్కేది కూడా ఆ గంటల్లోనే. ఇక్కడే మన బాధ్యత మొదలవుతుందని నా అభిప్రాయం.

మీలో ఎక్కువమంది పొన్నంకి పిట్ట కోసం వస్తారని నాకు తెలుసు. గోరింక కంటే చిన్నది. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లని పట్టీ, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. తోక మాత్రం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. చలికాలం దక్షిణాది అడవుల్లో, శ్రీలంకలో గడిపి, వేసవిలో గూళ్ళు కట్టుకోవడానికి మధ్య భారతపు కొండలకూ హిమాలయ పాదాలకూ బయలుదేరుతుంది. చాలావరకు రాత్రిపూటే ఎగురుతుంది. అలసట పట్టలేక ఇళ్ళ పెరళ్ళలో, వరండాల్లో వాలిపోయిన పొన్నంకి పిట్టల సంగతి మీరు వినే ఉంటారు. అంత ప్రయాణం చేసే ప్రాణి మన కొండల్లో మే, జూన్ నెలల్లో తల వెనక్కి వాల్చి రెండు స్వరాల ఈల వేస్తుంది. ఒకటి ఇక్కడ వేస్తే లోయ అవతల నుంచి మరొకటి బదులిస్తుంది. తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకే వేళ.

ఆ ఈల పాట కోసం పాడే పాట కాదు. ఈ నేల నాది, ఇటు రావద్దు అని ఇంకో మగపిట్టకు చెప్పే మాట. మనం దాన్ని రికార్డు చేసి మళ్ళీ వినిపిస్తే పిట్టకు అర్థమయ్యేది ఏమిటి? తన హద్దులోకి మరొకడు చొరబడ్డాడని. మేత వదిలేస్తుంది. ఆకుల చాటు వదిలేస్తుంది. డేగ చూస్తుందేమో అన్న భయం కూడా వదిలేసి, కనిపించే కొమ్మ మీదికి వచ్చి ఛాతీ విరిచి అరుస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోటో బాగా వస్తుంది. మళ్ళీ వినిపిస్తే మళ్ళీ వస్తుంది. లేని దొంగ కోసం ఇంటి యజమాని తెల్లవార్లూ కర్ర పట్టుకుని గోడ చుట్టూ తిరిగినట్టు, లేని శత్రువు కోసం ఆ పిట్ట తన పొద్దంతా ఖర్చు చేసుకుంటుంది. ఒక జట్టు వెళ్ళగానే ఇంకో జట్టు వస్తుంది. వాళ్ళ ఫోనులోనూ అదే కూత ఉంటుంది.

నిరుడు వేసవిలో వాగు పక్కన కానుగ చెట్ల కింద కూర్చుని ఒక పొన్నంకి పిట్టను చూస్తున్నాను. అది నేల మీద గెంతుతూ, ముక్కుతో ఎండుటాకు ఒకటి పట్టి పక్కకు విసిరేసి, దాని కింద ఏముందో తల వంచి చూసేది. ఏమీ లేకపోతే ఇంకో ఆకు. చాలాసేపటికి ఒక వానపాము దొరికింది. సగం బయటికి లాగి, కాళ్ళు బిగబట్టి, మెల్లగా లాగుతోంది. అంతలో పైనున్న దారిలోంచి స్పీకరులో దాని కూత వినిపించింది, అసలు పిట్ట ఎన్నడూ వేయనంత పెద్దగా. వానపామును అక్కడే వదిలేసి ఎగిరిపోయింది. పైన కెమెరాలు టకటకమన్నాయి. అందరి మొహాల్లో సంతోషం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నాతో ఎంతో మర్యాదగా మాట్లాడారు, తీసిన ఫోటోలు చూపించారు. ఆ పిట్ట ఏం తింటూ ఉండగా పిలిచారో వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను చెప్పాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

ఇంకా బాధపెట్టింది తోకపిగిలి పిట్ట గూడు. మగపిట్టకు ఒళ్ళంతా తెలుపు, నల్లని తల, జానెడు పొడవు దాటిన రెండు తోక ఈకలు. ఈ పిట్ట గూడు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? సన్నని కొమ్మ పంగలో అరచేతిలో ఇమిడేంత గిన్నె. గడ్డిపోచలు, నార అల్లి, వాటిపైన సాలెగూటి దారం పూత పూస్తుంది. ఆడపిట్ట ఒక్కటే కాదు, మగపిట్టా గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ గిన్నెలో దాని తోక పట్టదు కాబట్టి బయటికి వేలాడుతూ గాలికి ఊగుతుంటుంది. ఆ దృశ్యం ఫోటో తీయాలనిపించడం సహజమే. కానీ గూడు ఎప్పుడూ ఆకుల మధ్యే ఉంటుంది, ఫోటోకు ఆకులు అడ్డం. ఎవరో అడ్డమొచ్చిన రెమ్మలను కత్తిరించేశారు. కత్తెరతో కోసిన చివరలు పచ్చిగా కనిపిస్తున్నాయి. నీడ పోయింది, మరుగు పోయింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది, లోపల ఏమీ లేదు. కాకి పనో, పాము పనో చెప్పలేను. దారి చూపించింది మాత్రం ఆ కత్తెరే.

చట్టం ఈ విషయంలో మనం అనుకునేదాని కంటే కచ్చితంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో చెప్పే చోట, చంపడం, పట్టడం, ఉచ్చు వేయడంతో పాటు అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, వాటి గుడ్లను గానీ గూళ్ళను గానీ కలవరపెట్టడాన్ని కూడా చేర్చింది. ఉండేలుతో పిట్టను కొట్టే కుర్రవాడిని మనం కోప్పడతాం. గూటి ముందు రెమ్మలు కోసి ఫోటో తీసే మనకూ ఆ చట్టంలో అదే పేరు. మిమ్మల్ని బెదిరించడానికి ఈ మాట రాయడం లేదు. చదువుకున్నవాళ్ళు, పక్షుల పేర్లన్నీ తెలిసినవాళ్ళు ఈ ఒక్క వాక్యం చదవకపోవడం నాకు కష్టంగా ఉంది.

కొండ దిగి తాటిపూడి వైపు వస్తే సంగతి ఇంకో రకం. గోస్తని నది మీద కట్టిన ఆ జలాశయం నీరు విశాఖపట్నం తాగునీటికి పోతుంది. వేసవిలో మట్టం తగ్గి, ఒడ్డున వెడల్పాటి గులక నేల బయటపడుతుంది. తీతువు పిట్టకు కావలసింది అదే. గూడంటూ కట్టదు, చిన్న గుంట గీరి చుట్టూ గులకరాళ్ళు పేర్చుకుంటుంది. గుడ్లు నాలుగు, మచ్చలతో అచ్చం ఆ రాళ్ళ రంగులోనే. పక్కనే నడిచినా కంటికి ఆనవు. మనం దగ్గరకు పోగానే పిట్ట లేచి నెత్తిన తిరుగుతూ గోల చేస్తుంది. మనకు అది వీడియోకు పనికొచ్చే హడావుడి. అక్కడ నేల మీద మాత్రం గుడ్లు ఎండలో పడి ఉంటాయి. లోపలి పిల్లకు మన ఒంటి వేడి అంత వేడి చాలు, 40 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. మే నెలలో మధ్యాహ్నపు గులకరాయిని చేత్తో ముట్టుకుని చూడండి. ఆ వేడి నుంచి గుడ్లను కాపాడడానికి తీతువు పిట్ట ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. నీటి అంచుకు పోయి, ఒంగి, రొమ్ము ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడి ఆరితే మళ్ళీ పోతుంది. ఆలుమగలు వంతులు వేసుకుంటాయి. దాదాపు నాలుగు వారాలు ఇదే పని. దాన్ని లేపి గాలిలో తిప్పే ప్రతి నిమిషం గుడ్లకు నీడ లేని నిమిషం. దూరంగా ఆగి, బైనాక్యులర్లతో ఆ తడుపుకునే పనిని ఒక్కసారి చూడండి. ఇరవై అడుగుల దగ్గర నుంచి తీసిన ఏ ఫోటో కంటే అది మీకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

వాగు మడుగుల మాట కూడా చెప్పాలి. మే నెలలో వాగు తెగిపోయి అక్కడక్కడా చిన్న మడుగులు మిగులుతాయి. పిట్టలన్నీ నీటికి అక్కడికే రావాలి కాబట్టి కెమెరా స్టాండ్లు కూడా అక్కడికే వస్తాయి. నాలుగు వైపులా మనుషులు కూర్చుంటే పావురాయి ఎక్కడ తాగాలి? ఒక వైపు, అదీ దూరంగా, ఒకరిద్దరు కూర్చుంటే చాలు. మిగతావాళ్ళు వంతు కోసం ఆగవచ్చు.

ఇన్ని చెబితే మీరు అనేది నాకు తెలుసు. ఒక్కసారి, అర నిమిషం వినిపిస్తే ఏమవుతుంది అంటారు. మీ ఒక్కరి అర నిమిషమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాను. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ప్రతి పిట్ట కూతా ఉంది. కూత విని పిట్టను గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్‌ను నేనూ వాడతాను, అది మంచి పనిముట్టు. వినడానికి వాడితే పిట్టకు ఏ నష్టమూ లేదు, తిరిగి వినిపించడానికి వాడితేనే చిక్కు. గుడ్లగూబల వంటి రాత్రి పక్షులను లెక్కించేటప్పుడు పరిశోధకులు అనుమతి తీసుకుని, కొలతతో కూతలు వినిపించడం ఉంది. ఆదివారం ఫోటోకు ఆ పద్ధతి అరువు తెచ్చుకోవడం న్యాయం కాదు.

ఫోటోల వల్లనే కదా జనానికి పక్షుల మీద ప్రేమ పుట్టేది అని మరో మాట. నిజమే. ఫోటో ఒక్కటే కాదు, మీరు రాసుకునే జాబితాలూ విలువైనవే. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. 30,000 మందికి పైగా మీలాంటి, నాలాంటి మామూలు పరిశీలకులు ఈ-బర్డ్ అనే పక్షి జాబితాల వెబ్‌సైటులో నమోదు చేసిన సమాచారమే దానికి ఆధారం. దీర్ఘకాలంలో వచ్చిన మార్పును అంచనా వేయడానికి సరిపడా వివరాలున్న 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయని ఆ నివేదిక తేల్చింది. మనం పోగు చేసిన లెక్కే మనకు ఈ మాట చెబుతోంది. తగ్గిపోతున్నాయని తెలిసిన వాటి గూళ్ళ దగ్గర మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

అందులోనూ ఈ కొండలు మామూలు కొండలు కావు. అబ్బాట్ బ్యాబ్లర్ అనే గోధుమరంగు చిన్న పిట్ట ఒకటుంది. మన దేశంలో అది ముఖ్యంగా కనిపించేది ఈశాన్యంలో, మళ్ళీ తూర్పు కనుమల్లోని ఈ ఉత్తర భాగంలో. ఇక్కడి దానిని వేరే ఉపజాతిగా గుర్తించి 1985లో విశాఖపట్నానికి చెందిన పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. దట్టమైన పొదల అడుగున తిరుగుతుంది, కంటికి దొరకడం కష్టం, ముందు చెవికే దొరకాలి. అలాంటి పిట్టల ఉనికి తెలిసిందంటే, ఈ కనుమల్లో ఏళ్ళ తరబడి కాలినడకన తిరిగి, చెవి ఒగ్గి విన్నవాళ్ళు ఉండబట్టే. ఆ ఓపికకు వారసులం మనం.

ఎక్కడో దూరం పోనక్కరలేదు, పొరుగున శ్రీకాకుళం జిల్లా చూడండి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో తొలకరితో నత్తగుల్ల కొంగలు వచ్చి ఊరి నడుమ చెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్టలు, వాసన, రాత్రీ పగలూ రొద. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊరివాళ్ళు నమ్ముతారు, వాటి జోలికి పోరు, పోనివ్వరు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనూ అంతే, గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఊరే కాపాడుకుంటోంది. వాళ్ళలో చాలామంది మెడలో బైనాక్యులర్లు లేవు. గూటిలో పిల్లలున్నప్పుడు ఎంత దూరంలో ఉండాలో మాత్రం తెలుసు.

గూడు దగ్గర ఎంత దూరం అని అడిగేవాళ్ళకు నా జవాబు అడుగుల్లో ఉండదు. పిట్టే చెబుతుంది. నోట్లో పురుగు పట్టుకుని గూటికి పోకుండా కొమ్మ కొమ్మా మారుతూ ఉంటే మీరు దాని దారిలో ఉన్నారని అర్థం. ఒకే స్వరంతో టిక్ టిక్ మని ఆపకుండా అరుస్తున్నా, రెక్క విరిగినట్టు నేల మీద పొర్లి నటిస్తున్నా అంతే. వెంటనే వెనక్కి రండి. పదడుగులు వెనక్కి వస్తే పిట్ట తన పనిలో పడుతుంది, మీకూ అసలైన ఫోటో అప్పుడే దొరుకుతుంది. స్పీకరు లేకుండా పొన్నంకి పిట్ట కనిపించదన్న బెంగ వద్దు. వెలుగు రాకముందే వాగు దగ్గరకు చేరుకోండి. ముదురు రంగు బట్టలు వేసుకుని, చెట్టుకు ఆనుకుని, మాట్లాడకుండా కూర్చోండి. ఎండుటాకుల్లో చిన్న అలికిడి అవుతుంది. కొన్ని రోజులు కనిపించదు, ఆ రోజుల్లో దాని ఈల వింటారు. అది తక్కువేమీ కాదు.

మీ సంఘాల్లో, వాట్సాప్ బృందాల్లో పెద్దవాళ్ళుగా ఉన్నవారికి నాదొక విన్నపం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కూతలు వినిపించి తీసిన ఫోటోలకు, గూళ్ళ ఫోటోలకు మీ పోటీల్లో చోటు ఇవ్వకండి. కొత్తగా వచ్చే పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. మీరు స్పీకరు తీయకపోతే వాళ్ళూ తీయరు. కొండ దిగేటప్పుడు అక్కడి గూడేలవాళ్ళకు డబ్బిచ్చి గూళ్ళు చూపించమని అడగడం కూడా ఆపించండి. ఈ రోజు వంద రూపాయలకు గూడు చూపించిన కుర్రవాడు రేపు రామచిలుక పిల్లల కోసం వచ్చినవాడికీ చూపిస్తాడు. పంజరంలో చిలుకను అమ్మడం నేరమని వాడికి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. రామచిలుక మన రాష్ట్ర పక్షి కూడా.

ఈ నెల ఇంకా అయిపోలేదు. ఇప్పటికే గూళ్ళ ఫోటోలు పెట్టినవారు వాటిలోంచి చోటు పేరు, మ్యాపు గుర్తు ఈ రోజే తీసేయండి. వచ్చే ఆదివారం పుణ్యగిరి వచ్చేవాళ్ళు ఐదు గంటలకల్లా మెట్ల మొదట్లో కలిస్తే, వాగు పక్కన ఎక్కడ కూర్చోవాలో నేను చూపిస్తాను. స్పీకరు బండిలోనే ఉంచి రండి.

శృంగవరపుకోట నుంచి,
మీ తోటి పక్షి పరిశీలకురాలు